పెళ్లి షూటింగ్‌లో టైమ్‌కోడ్ ఎలా పెట్టుకోవాలి, క్లిప్పులు ఎలా కాపాడుకోవాలి

గట్టిమేళం మోగగానే ఏం జరుగుతుందో పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్షింతలు పట్టుకుని జనమంతా లేచి నిలబడతారు, ఎదురుగా స్టాండు మీద పెట్టిన కెమెరాకు వీపులు తప్ప ఏమీ కనబడవు, మూడు ముళ్లూ దొరికేది మండపం పక్కన చేత్తో పట్టుకున్న రెండో కెమెరాలోనే. ఎడిటింగ్‌లో సరిగ్గా ఆ క్షణానికి మొదటి కెమెరా నుంచి రెండోదానికి మారాలి. ఆ అతుకు కనబడకూడదంటే రెండు కెమెరాలూ ఆ క్షణానికి ఒకే టైమ్ చెప్పాలి. ప్రతి ఫ్రేమ్‌కూ కెమెరా రాసుకునే టైమ్ నంబరు ఒకటి ఉంటుంది, అదే టైమ్‌కోడ్.

రెండేళ్ల క్రితం చిత్తూరులో ఒక పెళ్లికి మూడు కెమెరాలు, ఒక రికార్డర్ తీసుకుని వెళ్లాం. పొద్దున్నే నాతో వచ్చిన తమ్ముడు చూసి చెప్పాడు, "అన్నా, బి కెమెరాలో టైమ్ సున్నా నుంచి నడస్తా ఉండాది" అని. ముహూర్తం దగ్గరపడింది, టెన్షన్‌లో ఉన్నాను, "అయినాక చూద్దాంలే" అన్నాను. ఆ ఒక్క మాటకు తర్వాత మూడు రాత్రులు కూర్చుని రెండు వందల పైచిలుకు క్లిప్పుల్ని ఒక్కొక్కటిగా పెదాల కదలిక చూసుకుంటూ జరిపాను. ఐదు నిమిషాల పని ముందే చేసుకుని ఉంటే అంత బాధ ఉండేది కాదు. ఆ ఐదు నిమిషాల పని ఏంటో, దాని తర్వాత క్లిప్పుల్ని ఎలా చూసుకోవాలో వరసగా చెప్తాను.

సౌండ్ చూసి సింక్ చేసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. చేసుకోవచ్చు, పురోహితుడి మైకు ఒక్కటే వినబడే చోట బాగానే కుదురుతుంది. కానీ నాదస్వరం, డోలు జోరందుకున్నాక హాలంతా ప్రతిధ్వని, సాఫ్ట్‌వేర్ తికమకపడి క్లిప్పును వేరే చోట అతికిస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది, మనం తీసే 25 ఫ్రేముల లెక్కలో ఒక ఫ్రేమ్ అంటే సెకనులో 25వ వంతు, ఆ కాసేపట్లో శబ్దం నడిచేది పద్నాలుగు మీటర్ల లోపే. హాలు చివర బాల్కనీలో 28 మీటర్ల దూరాన పెట్టిన కెమెరాకు మేళం రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది, సౌండ్ సరిపెట్టారంటే బొమ్మ రెండు ఫ్రేములు తప్పుతుంది. టైమ్‌కోడ్‌కు ఈ దూరంతో పని లేదు.

ముందు ఫ్రేమ్ రేట్

టైమ్‌కోడ్ జోలికి వెళ్లకముందు అన్ని కెమెరాలూ, రికార్డరూ ఒకే ఫ్రేమ్ రేట్‌లో, అంటే సెకనుకు అన్నే ఫ్రేముల లెక్కలో ఉన్నాయా చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి మెనూలో పాల్ (PAL) అనే మోడ్‌లో 25 గానీ 50 గానీ పెట్టుకోవాలి, షట్టర్ 50లో ఒక వంతు పెడితే సీరియల్ లైట్లూ ట్యూబ్‌లైట్లూ మిణుకుమిణుకుమనడం చాలావరకు తగ్గుతుంది. అద్దెకు తెచ్చిన కెమెరాతో జాగ్రత్త, ఇంతకుముందు వాడినవాళ్లు ఎన్‌టీఎస్‌సీ (NTSC) అనే రెండో మోడ్‌లో వదిలేసి ఉంటే అది 29.97లో నడుస్తుంటుంది, మీ మిగతా కెమెరాలు 25లో ఉంటాయి, ఈ రెండింటి టైమ్‌కోడ్ ఎన్ని తంటాలు పడినా ఫ్రేమ్‌కు ఫ్రేమ్ కలవదు.

10:24:36:12 అని కనబడితే 10 గంటల 24 నిమిషాల 36 సెకన్లు, అందులో 12వ నంబరు ఫ్రేమ్. 25లో తీస్తే చివరి అంకె 00 నుంచి 24 దాకా నడిచి మళ్లీ సున్నాకు వస్తుంది. అది 29 దాకా పోతుంటే ఆ కెమెరా ఎన్‌టీఎస్‌సీలో ఉన్నట్టే, మెనూ తెరవకుండానే పట్టేయొచ్చు.

డ్రాప్ ఫ్రేమ్, నాన్ డ్రాప్ అనే గొడవ 29.97, 59.94 వాళ్లది. డ్రాప్ అంటే బొమ్మలు పోతాయని భయపడతారు గానీ పోయేవి నంబర్లు మాత్రమే. 29.97ను 30 అని లెక్కపెడితే గంటకు 3.6 సెకన్లు తేడా వస్తుంది, దాన్ని సరిచేయడానికి ప్రతి నిమిషం మొదట్లో రెండు నంబర్లు దాటేస్తారు, పదో నిమిషం, ఇరవయ్యో నిమిషం అలా వచ్చినప్పుడు మాత్రం దాటరు, మొత్తం గంటకు 108 నంబర్లు. 25లో తీసే మనకు ఇది అక్కర్లేదు.

ఫ్రీ రన్ పెట్టండి

ఇప్పుడు టైమ్‌కోడ్ మెనూలోకి వెళ్లండి. అక్కడ రెక్ రన్, ఫ్రీ రన్ అని రెండు ఉంటాయి. రెక్ రన్‌లో రికార్డింగ్ నడుస్తున్నప్పుడే నంబరు కదులుతుంది, ఆపితే ఆగుతుంది, మళ్లీ మొదలుపెడితే ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. ఒక్క కెమెరాతో పని చేసేవాళ్లకు అది బాగుంటుంది. రెండో కెమెరా వచ్చిందంటే పనికిరాదు, ఎందుకంటే రెండు కెమెరాలూ ఒకేసారి ఆన్, ఒకేసారి ఆఫ్ కావు. ఫ్రీ రన్ గోడ గడియారం లాంటిది, మీరు రికార్డ్ చేసినా చేయకపోయినా నడుస్తూనే ఉంటుంది. పెళ్లికి, జాతరకు, కచేరీకి ఎప్పుడూ ఫ్రీ రన్నే.

సోనీ కెమెరాలున్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. టీసీ రన్ (టీసీ అంటే టైమ్‌కోడే) కింద ఫ్రీ రన్ పెట్టి పని అయిపోయిందనుకోవద్దు, దాని పక్కనే టీసీ మేక్ అని ఒకటుంటుంది, అందులో ప్రీసెట్, రీజెనరేట్ అని రెండు. అది రీజెనరేట్‌లో ఉంటే కెమెరా కార్డులోని చివరి క్లిప్ టైమ్ చదివి అక్కడి నుంచి కొనసాగిస్తుంది, మీరు ఫ్రీ రన్ పెట్టినా పట్టించుకోదు, రెక్ రన్ లాగే నడుస్తుంది. చిత్తూరు పెళ్లిలో మా బి కెమెరాలో జరిగింది అదే. ప్రీసెట్‌కు మార్చండి.

అన్నిటినీ ఒకే టైమ్‌కు తేవడం

చేతిలో సామాను ఏమీ లేకపోతే ఫోన్ చాలు. సెకన్లు కనబడే గడియారం ఫోన్‌లో తెరవండి. టైమ్ 9:14 అయితే ప్రతి కెమెరాలోనూ ప్రీసెట్ 09:16:00:00 అని రాసిపెట్టుకుని, వేలు సెట్ బటన్ మీద ఉంచి, ఫోన్‌లో 9:16:00 పడగానే నొక్కండి. మూడు కెమెరాలకు ముగ్గురు ఉంటే ఒకేసారి, ఒక్కరే ఉంటే ఒక్కోదానికి ఒక్కో నిమిషం పెంచుకుంటూ వెళ్లండి.

వేలు ఎంత చురుగ్గా నొక్కినా నాలుగైదు ఫ్రేముల తేడా వస్తుంది. అందుకే వెంటనే ఆ ఫోన్‌నే అన్ని కెమెరాలతో ఒక పది సెకన్లు రికార్డ్ చేయండి, అంకెలు నిండుగా కనబడేలా దగ్గర నుంచి. ఇది చిన్న పనిలా కనబడుతుంది గానీ నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. ఇంటికొచ్చాక ఆ క్లిప్పులు పక్కపక్కన పెట్టి, ఫోన్‌లో సెకను అంకె 07 నుంచి 08కు మారిన ఫ్రేమ్ ఎక్కడుందో చూస్తారు. మొదటిదైన 'ఏ' కెమెరాలో 09:20:08:03 అని ఉంది, బి కెమెరాలో 09:20:08:06 అని ఉంది అనుకోండి, బి మూడు ఫ్రేములు ముందుందని తెలిసిపోయింది, రోజంతటి బి క్లిప్పుల్ని ఒక్క దెబ్బకు మూడు ఫ్రేములు సరిచేస్తే సరిపోతుంది.

కొంచెం డబ్బు పెట్టగలిగితే టైమ్‌కోడ్ పెట్టెలు కొనుక్కోండి, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటాయి, టెంటకిల్ లాంటివి. వాటన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి ఒకసారి సింక్ చేసి ఒక్కో కెమెరాకు ఒకటి తగిలిస్తే చాలు. టైమ్‌కోడ్ సాకెట్ లేని కెమెరాల్లో దాన్ని మైక్ సాకెట్‌లోకి పంపిస్తాం, అప్పుడు ఒక ఆడియో ట్రాక్ నిండా కీచుమనే శబ్దం రికార్డవుతుంది, అదే టైమ్‌కోడ్. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్పులన్నీ ఎంచుకుని ఆడియో ట్రాక్ నుంచి టైమ్‌కోడ్ తీసుకోమంటే నిమిషంలో సరిచేసి ఇస్తుంది. ఆ ట్రాక్‌ను ఫైనల్‌లో మ్యూట్ చేయడం మరవకండి, పెళ్లికూతురి తల్లిదండ్రులు టీవీలో పెట్టుకున్నప్పుడు ఆ కీచు వినబడితే మన కష్టమంతా పోయినట్టే.

అర్ధరాత్రి దాటే షూటింగ్‌లు

తిరుపతి గంగమ్మ జాతర తీసేవాళ్లకు ఇది ముఖ్యం. మే నెలలో వారం పాటు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషంతో ఊరంతా కదులుతుంది, చివర్లో తాతయ్యగుంట గుడి ముందు అమ్మవారి మట్టి విగ్రహం విశ్వరూపం, దాని చెంప నరకడం, ఆ మట్టి కోసం జనం తోసుకోవడం. ఆ పనంతా రాత్రి నుంచి తెల్లవారుజాము దాకా నడుస్తుంది. టైమ్‌కోడ్ 23:59:59:24 తర్వాత 00:00:00:00కు తిరుగుతుంది కదా, ఎడిటింగ్‌లో టైమ్ ప్రకారం సర్దితే అర్ధరాత్రి తర్వాత తీసిందంతా ముందుకొచ్చి కూర్చుంటుంది, అర్ధరాత్రి మీదుగా నడిచిన క్లిప్పు ఇంకా గందరగోళం. కొన్ని తెల్లవారుజాము ముహూర్తాలకూ ఇదే ఇబ్బంది, రాత్రి ఎదుర్కోలుతో మొదలై తెల్లారేదాకా పోతుంది.

దీనికి సులువైన మార్గం ఉంది. సాయంత్రం ఆరును 18 అని కాకుండా 06:00:00:00 అని పెట్టండి. అర్ధరాత్రికి 12 అవుతుంది, తెల్లవారుజామున మూడింటికి 15 అవుతుంది, తెల్లారి ఆరుకు 18. మధ్యలో ఎక్కడా సున్నా రాదు. అన్ని కెమెరాలకూ ఇదే లెక్క పెట్టాలి, అంతే.

వారం రోజులు తీసేటప్పుడు ఇంకో చిక్కు, ప్రతిరోజూ అదే టైమ్‌కోడ్ మళ్లీ మళ్లీ వస్తుంది, మంగళవారం పదిన్నర, బుధవారం పదిన్నర రెండూ ఒకటే అంకె. యూజర్ బిట్ అని మెనూలో ఎవరూ ముట్టుకోని ఒక ఖానా ఉంటుంది చూడండి, అది ఇందుకే. ఎనిమిది గళ్లు, 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ దాకా రాసుకోవచ్చు. మొదటి రెండు గళ్లలో కెమెరా, ఏ1 అనో బి1 అనో, మిగతా ఆరింటిలో తేదీ. రోజూ పొద్దున అది మార్చుకోవడం పది సెకన్ల పని.

బయటి రికార్డర్ తగిలిస్తే

కెమెరా నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో రికార్డర్‌కు ఇస్తున్నారంటే మూడు చోట్ల చూడాలి. కెమెరాలో హెచ్‌డీఎంఐ టీసీ అవుట్‌పుట్ ఆన్‌లో ఉండాలి. రికార్డర్‌లో టైమ్‌కోడ్ ఎక్కడి నుంచి తీసుకోవాలి అనే చోట వీడియో ఇన్‌పుట్ అని ఎంచుకోవాలి, సొంత గడియారమో చివరి క్లిప్పో అని ఉంటే అది మీ కెమెరా మాట వినదు. మూడోది రికార్డ్ ట్రిగ్గర్, అది ఆన్ చేస్తే కెమెరా బటన్ నొక్కగానే రికార్డర్ కూడా మొదలవుతుంది. అప్పుడు కెమెరా కార్డులోనూ రికార్డర్ డిస్క్‌లోనూ ఒకే టైమ్‌కోడ్‌తో రెండు కాపీలు తయారవుతాయి, ఒకదాంట్లో ముక్క పాడైతే అదే నంబరు దగ్గర రెండోదాంట్లోంచి తెచ్చి అతికించుకోవచ్చు. పేర్లు వేరుగా ఉన్నా పర్వాలేదు, టైమే దాని అడ్రస్.

చోటు ఎంత కావాలో లెక్కేసుకోండి. రికార్డర్‌లో ఉండే ప్రోరెస్ 422 అనే ఫార్మాట్‌లో 1080 సైజు, 25 ఫ్రేములైతే సెకనుకు 122 మెగాబిట్లు, అంటే గంటకు సుమారు 55 జీబీ. అందులోనే ఇంకా ఎక్కువ క్వాలిటీ ఉన్న హెచ్‌క్యూ అయితే గంటకు 83. అదే 4కేలో 422 పెడితే గంటకు 221 జీబీ, ఒక టీబీ డిస్క్ నాలుగున్నర గంటలకే నిండిపోతుంది, పెళ్లి మాత్రం పదిగంటలు. నా అభిప్రాయం అడిగితే పెళ్లికి 1080లో 422 చాలు, 4కే కావాలంటే ముహూర్తం, తలంబ్రాలు వరకు పెట్టుకోండి.

రికార్డర్‌ను గోడ ప్లగ్గు మీద ఒక్కదాని మీదే నడపొద్దు. మండపంలో కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లలో రికార్డర్ ఆగిపోతుంది, నడుస్తున్న క్లిప్ మూతపడకుండా మిగిలిపోతుంది. బ్యాటరీ తప్పకుండా పెట్టుకోండి. అలా ఎప్పుడైనా ఆగిపోతే ఆ డిస్క్‌ను కంప్యూటర్‌లో పెట్టి గెలకొద్దు, అందులో కొత్తగా ఏమీ రికార్డ్ చేయొద్దు, అదే రికార్డర్‌లో మళ్లీ పెట్టి చూడండి, చాలా పరికరాలు తెగిపోయిన క్లిప్‌ను సరిచేయమంటావా అని అవే అడుగుతాయి. మే నెల ఎండలో రికార్డర్ ఫ్యాన్‌కు గాలి ఆడేలా చూడండి, పైన తెల్ల తువ్వాలు నీడగా పట్టండి గానీ చుట్టేయకండి.

క్లిప్ పేర్లు

రెండు సోనీ కెమెరాలు పక్కపక్కన పెట్టి కొత్త కార్డులతో మొదలుపెడితే రెండింటిలోనూ మొదటి క్లిప్ పేరు సి0001 అనే వస్తుంది. రెండు కార్డులూ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, "రీప్లేస్ చేయాలా" అని అడిగితే నిద్రమత్తులో ఎస్ కొట్టారంటే ఒక కెమెరా పోయినట్టే. ఫైల్ సెట్టింగ్స్‌లో టైటిల్ పెట్టుకునే వీలుంటే ఏ కెమెరాకు ఏ, బి కెమెరాకు బి అని పెట్టేయండి, ఫైల్ నంబరు రీసెట్ కాకుండా సిరీస్‌లో ఉంచండి, అప్పుడు కార్డు మార్చినా నంబరు ముందుకే పోతుంది. కాపీ చేశాక మాత్రం క్లిప్‌ల పేర్లు మార్చకండి, కార్డులోని ఫోల్డర్లు విడదీయకండి. వీడియో ఫైల్ ఒక్కటే లాక్కుని మిగతావి పనికిరానివని తీసేస్తారు కొందరు, ఆ చిన్న ఫైళ్లలోనే ఒక్కోసారి టైమ్‌కోడ్, మార్కులు ఉంటాయి.

పాత 32 జీబీ కార్డులు వాడేవాళ్లకు ఒక మాట. అవి ఫ్యాట్32లో ఉంటాయి, ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు, 100 మెగాబిట్లలో తీస్తే ఆరు నిమిషాలు కాకముందే క్లిప్ రెండు ముక్కలవుతుంది. భయపడాల్సింది లేదు, మొదటి ముక్క చివరి నంబరు, రెండో ముక్క మొదటి నంబరు పక్కపక్క ఫ్రేములే అయితే ఏమీ పోలేదని అర్థం. 64 జీబీ, అంతకు పైన కార్డుల్లో ఎక్స్‌ఫ్యాట్ కాబట్టి ఈ 4 జీబీ అడ్డు ఉండదు.

మధ్యలో చూసుకోవాల్సినవి

కెమెరా లోపలి గడియారాలు మన చేతి గడియారాల్లాంటివే, కొంచెం ముందో వెనకో పోతాయి. లక్షలో ఒక వంతు తప్పినా గంటకు 36 మిల్లీసెకన్లు, అంటే దాదాపు ఒక ఫ్రేమ్. ఒక కెమెరా ముందుకూ ఇంకోటి వెనక్కూ పోతే గంటకు రెండు. పెట్టెలు లేనివాళ్లు టిఫిన్ల వేళ ఒకసారి, ముహూర్తానికి అరగంట ముందు ఒకసారి, భోజనాలప్పుడు ఒకసారి ఆ ఫోన్ గడియారాన్ని అన్ని కెమెరాలతో పది సెకన్లు తీయండి. టైమ్ మళ్లీ సెట్ చేయక్కర్లేదు, తేడా ఎంత పెరిగిందో తెలిస్తే చాలు.

బ్యాటరీ మార్చినప్పుడు, ఫ్రేమ్ రేట్ మార్చి వెనక్కి వచ్చినప్పుడు స్క్రీన్ మీద టైమ్ ఒకసారి చూడండి. స్లో మోషన్ క్లిప్పుల్ని ఈ లెక్కలో కలపకండి, అవి పక్కన వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి.

కార్డు నుంచి డిస్క్‌కు

నిండిన కార్డును ఖాళీ వాటితో కలపొద్దు, పౌచ్‌లో బోర్లించి పెట్టండి. ఇంటికి రాగానే, ఎంత అలసటగా ఉన్నా, ముహూర్తం ఉన్న కార్డు ముందు కాపీ చేయండి. కార్డు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టుగా, పెళ్లి తేదీ, కెమెరా అక్షరం, కార్డు నంబరు రాసిన ఫోల్డర్‌లోకి. విండోస్‌లో టెరాకాపీ లాంటిది వాడితే కాపీ అయ్యాక ఫైల్‌కు ఫైల్ పోల్చి చూపిస్తుంది. రెండు వేర్వేరు డిస్కుల్లో రెండు కాపీలు, రెండింటిలోనూ ప్రతి కార్డు చివరి క్లిప్ తెరిచి చివరి సెకన్ల దాకా ఆడించి చూడండి, కాపీ మధ్యలో తెగితే బయటపడేది అక్కడే. అప్పటిదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు. చేసేటప్పుడు కంప్యూటర్‌లో కాదు, ఏ కెమెరాలో వాడతారో ఆ కెమెరాలోనే చేయాలి.

ఎడిటింగ్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని మల్టీకామ్ (అన్ని కెమెరాల వరసలూ కలిపి పేర్చేది) చేయమని, యాంగిల్ సింక్ దగ్గర టైమ్‌కోడ్ అని పెట్టండి. వరసలు పడగానే నేరుగా జీలకర్ర బెల్లం దగ్గరకు వెళ్లండి, చేతులు తల మీద ఆనిన ఫ్రేమ్ రెండు కెమెరాల్లోనూ పట్టుకుని చూడండి. కలిస్తే ఒకసారి మూడు ముళ్ల దగ్గర, ఇంకోసారి అప్పగింతల దగ్గర చూడండి. రెండు మూడు ఫ్రేములు తేడా కనబడితే ఆ పూట తీసిన ఫోన్ గడియారం క్లిప్ తెరిచి ఎంతో లెక్కపెట్టి, ఆ కెమెరా వరస మొత్తాన్ని అంతే జరిపి, కోతలు అప్పుడు మొదలుపెట్టండి.